పైన మిగిలేది ఒకరే

మా చిన్నకోడలు ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేసేది. పరుపులమ్మే కంపెనీ. పరుపులు ఎక్కడో కుడతారు, ఎక్కడో అమ్ముతారు. ఈ పిల్ల మాత్రం వంటింటి పక్క గదిలో, కిటికీ దగ్గర బల్ల వేసుకుని, ఒక్క పరుపు మొహం కూడా చూడకుండానే జీతం తెచ్చుకునేది. నాకదే పెద్ద వింత.

చిన్నకోడలంటే నాకు ఇద్దరు కొడుకులని కాదు. ఒక్కడే. వాడి మొదటి పెళ్లాం జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఈ పిల్లని చేసుకున్నాడు. అందుకని పోయినామె పెద్దది, ఈమె చిన్నది. పెద్దదానికీ నాకూ ఉప్పూ నిప్పూ. ఉన్నన్నాళ్లూ నన్ను నోరారా అత్తా అని పిలిచిన పాపాన పోలేదు. నేను ఎదురుగా కూర్చునే ఉంటాను, "ఈవిడకి కాఫీ కావాలేమో కనుక్కో" అని మొగుడితో అనేది. చిన్నది అలా కాదు. కాపురానికొచ్చిన కొత్తల్లోనే, "నీకు చదువు రాదా అత్తా? దానికి సిగ్గెందుకు? నాకు వంట రాదు. చెల్లుకి చెల్లు" అంది. వంటగట్టు మీద తడివేలితో అక్షరాలు రాసేది. అవి ఆరిపోయేలోగా నేను చదవాలి. ముసలితనంలో నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ తడివేలి చలవే.

దాని పనేమిటో ఒకసారి అడిగాను.

"ఫోన్లు చేసే పిల్లలుంటారు కదత్తా, పరుపు కొంటారా అని. ఒకే మనిషి కంప్యూటర్లో రెండు మూడుసార్లు ఎక్కి ఉంటాడు. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండా. అప్పుడు ఆ ఒక్కడికే ముగ్గురు ఫోన్ చేసి తిట్లు తింటారు. అందుకని నేను రూల్స్ రాస్తాను. ఫోన్ నంబరూ ఇల్లూ ఒకటే అయితే వాళ్లు వేరువేరు కాదు, కలిపెయ్యి అని."

"కలిపితే ఎవరు మిగులుతారు?"

"పైన ఒకరే మిగులుతారు. ఎవరి వైపు నుంచి చివరగా కదలిక ఉందో వాళ్లు. ఫోన్ చేశారనుకో, అదీ కదలికే. వాళ్లలో ఖాళీలేమైనా ఉంటే మిగతావాళ్ల నుంచి తీసి నింపుతుంది."

"మరి ఆ మిగతావాళ్లు?"

"కిందకి పోతారు."

"కిందకంటే ఎక్కడికే?"

నవ్వింది. బుగ్గన సొట్ట పడేది నవ్వితే. "ఎక్కడికీ పోరత్తా. లోపలే ఉంటారు. కనబడరంతే."

ఆ మాట అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. బట్టలు ఆరక, ఇంట్లోనే ఈ మూల నుంచి ఆ మూలకి తాడు కట్టి ఆరేశాను. గదంతా తడిబట్టల వాసన. మావాడు లారీల ఆఫీసుకి వెళ్లాడు, చీకటిపడితే గాని రాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే చిన్నది కేకేసింది.

"అత్తా, ఇలా రా. తమాషా చూపిస్తా!"

కొత్త రూలొకటి రాసిందట. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి తన వివరాలే ఎక్కించుకుందట. ఆ రూలు ఒకే మనిషి అనుకుని చూపించిన మూడు వరసలు తెర మీదున్నాయి. పేర్లు మన అక్షరాల్లోనే ఉంటాయి, ఫోన్ చేసే పిల్లలకి పలకడం సులువని. కూడబలుక్కుని చదివాను. మొదటి వరసలో చిన్నదాని పేరు. రెండో వరసలో...

చేతిలో చేట జారింది. పెద్దదాని పేరు.

"అలా అయిపోతావేం? మనింట్లో పరుపు అక్క కొన్నదేగా. ఈ కంపెనీదే" అంది చిన్నది. చూడని మనిషిని కూడా అక్కా అనేది అది.

నిజమే. నంబరు కూడా అదే. పెద్దది పోయాక, మంచి నంబరు, పారెయ్యడమెందుకని మావాడు చిన్నదానికిచ్చాడు. ఇల్లదే, ఇంటిపేరదే, మొగుడదే, నంబరదే. కంప్యూటర్ ఇద్దరినీ ఒకటే అనుకుందంటే తప్పేముంది?

"సవతి పోరు కంప్యూటర్లోకి కూడా వచ్చిందన్నమాట" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"ఈ మూడోదేమిటే? పేరే లేదు."

"అదా, ఖాళీది. నంబరొక్కటే ఉంది. ఎవరో కొట్టి వదిలేసుంటారు. అలాంటివి బోలెడుంటాయి." అంతలోనే కళ్లు చికిలించింది. "ఇదేంటి... ఇవాళ కంపెనీకి ఫోన్ చేసినట్టు ఈ ఖాళీ వరసలోనే ఉంది. నేను చెయ్యలేదే."

బయట వాన కాస్త పెద్దదయింది.

"పోనీలే, విడదీసేస్తాను" అంది. "దీపాలు పెట్టే వేళకి ఈ రూలు దానంతటదే నడుస్తుంది. అప్పటికి విడదీయకపోతే నా పేరు కిందకి పోయి, జీతం కూడా అక్కకే వేస్తారు."

పుట్టినరోజు కూడా చూడమని రూల్లో చేర్చింది. పుట్టినరోజులు కలవకపోతే వేరు మనుషులని. పెద్దది మండుటెండల్లో పుట్టింది, ఇది వానల్లో. కలిసే ప్రశ్నే లేదు. మీట నొక్కింది.

ముగ్గురూ ఒకరే అంది తెర.

పెద్దదాని వరసలో పుట్టినరోజు మారిపోయింది. చిన్నదాని రోజే. నెలా అదే.

"నేనే తప్పు కొట్టానేమో" అంది. గొంతులో నవ్వు లేదు.

పుట్టింటి పేరు చేర్చింది. నొక్కింది. అదీ కలిసింది. పరుపుల కంపెనీ గనక నడుం నొప్పి ఉందా, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు అని కూడా రాసుకుంటారు. పెద్దది గోడవైపు, ఎడమపక్కకి తిరిగి పడుకునేది. నాకు బాగా తెలుసు, ఆ జ్వరంలో తడిగుడ్డ వేసింది నేనే. చిన్నది కుడిపక్కకి. అది చేర్చింది. మా కళ్ల ముందే రెండో వరసలో "ఎడమ" అన్న మాట కదిలింది. నేను చదువుతుండగానే... "కుడి" అయింది.

"దీన్ని ఆపెయ్యవే" అన్నాను.

"ఆపుతున్నానత్తా. ఆగట్లేదు."

అప్పుడు బల్ల మీద దాని ఫోన్ మోగింది. తొంగిచూశాను. దాని నంబరు నుంచే దానికి ఫోన్.

"ఎత్తకు!"

ఎత్తేసింది. అలవాటు. కంపెనీ వాళ్లు ఎప్పుడు చేసినా వెంటనే ఎత్తాలి కదా. అవతల మాటల్లేవు. వాన చప్పుడొక్కటే. ఏ రేకుల మీదో పడుతున్నట్టు... మా ఇంటికి రేకుల్లేవు. ఆ చప్పుడు వెనకాల ఎవరో ఓపిగ్గా ఊపిరి పీలుస్తున్నారు.

పెట్టేసింది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి.

"పెద్దది నాతో పంతం పట్టింది కాదూ" అన్నాను. పైకి చూసి, గోడ మీదున్న పెద్దదాని ఫోటోకేసి గట్టిగా అన్నాను, "బతికినన్నాళ్లూ నన్ను కాల్చుకుతిన్నావు, చాల్లేదా? ఈ పిల్ల జోలికి రాకు!"

ఫోటోలో పెద్దది ఎప్పట్లాగే చూస్తోంది. కాదు... ఎప్పట్లాగ కాదు. అది ఎప్పుడూ నన్ను చూసి మొహం తిప్పుకునే మనిషి. ఆ సాయంత్రం నన్నే చూస్తోంది. ఏదో చెప్పాలన్నట్టు.

చిన్నది చటుక్కున నిటారుగా కూర్చుంది. "ఉండత్తా. ఒక్కటి మాత్రం కలవదు. ఆమె పోయింది, నేనున్నాను. పోయినవాళ్లని బతికున్నవాళ్లతో కలపొద్దని రూలు పెడతాను."

పెద్దదాని వరసలో "మృతి" అని కొట్టింది. నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లబోయింది. మళ్లీ వరసలొచ్చాయి. ముగ్గురూ ఒకరే.

నేను మెల్లగా చదివేదాన్ని గనక, ముందు చిన్నదే చూసింది. మొదటి వరసలో, తన పేరు పక్కన... అదే మాట.

"అత్తా..." అంది. గుసగుసలా. గుండె మీద చెయ్యి వేసుకుంది. "అత్తా, నాకు చప్పుడు వినిపించట్లేదు."

"ఏం చప్పుడే?"

"నాదే."

సరిగ్గా దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది.

చీకట్లో తడిబట్టలు నా మొహానికి తగిలాయి. పక్కకి నెట్టాను. మళ్లీ తగిలాయి. తాడంతా ఊగుతోంది. కిటికీ మూసే ఉంది. పడగ్గదిలో పరుపు కిర్రుమంది... చాలాసేపు కూర్చున్న మనిషి లేచినప్పుడు అంటుంది చూడండి, అలా. అడుగుల చప్పుడు లేదు. ఒక వాసన వచ్చింది. కొత్త పరుపు మీద కవరు విప్పినప్పటి వాసన. ఎవరూ వాడని వస్తువు వాసన. అది నన్ను దాటి బల్లవైపు వెళ్లింది.

కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. తెర మీద ఒకే వరస.

చిన్నది వీపు నావైపు పెట్టి కూర్చునుంది.

"అమ్మాయ్..." అన్నాను. "ఒసే పిల్లా... పలకవే..."

మెల్లగా తిరిగింది. అదే మొహం. అదే సొట్ట.

"చెప్పండి అత్తయ్యగారూ" అంది. "మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?"

మావాడు వచ్చేసరికి కరెంటు వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక పేరుతో పిలిచాడు. పెద్దదాన్ని ముద్దుగా పిలిచే పేరది. చిన్నదాన్ని ఒక్కనాడూ అలా పిలవలేదు.

"ఆఁ, వస్తున్నా!" అంది అది వంటింట్లోంచి.

వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "ఒరే, అది మన పిల్ల కాదురా. పెద్దది పట్టింది దాన్ని."

"పెద్దదెవరమ్మా?"

"నీ మొదటి పెళ్లాం రా! అదిగో ఫోటో..."

గోడ మీద మేకుంది. ఫోటో లేదు. ఫోటో ఉన్నచోట సున్నం రంగు కూడా మారలేదు.

"నాకు ఒక్కర్తేగా పెళ్లాం" అన్నాడు వాడు, జాలిగా. "నిద్ర సరిపోవట్లేదేమో నీకు. ఆ పరుపు మీద పడుకోమంటే వినవు."

వెనకాల అది నిలబడి వింటోంది. చేతిలో గరిటె. పెదాలు నవ్వుతున్నాయి. కళ్లు నన్ను కొలుస్తున్నాయి, ఏ సైజు సరిపోతుందోనని.

ఆనాటి నుంచీ అదే ఇల్లు నడుపుతోంది. వంట చేస్తూ పెద్దదానిలా కూనిరాగం తీస్తుంది. చిన్నదానిలా జడ ముందుకేసుకుంటుంది. పడుకున్నప్పుడు మాత్రం ఏ పక్కకీ తిరగదు. వెల్లకిలా, కళ్లు తెరుచుకుని. వంటగట్టు మీద తడివేలితో "అ" రాసి చూపించాను, ఏమైనా గుర్తొస్తుందేమోనని. గుడ్డ తెచ్చి తుడిచేసింది. "మరకలు పడతాయి అత్తయ్యగారూ" అంది. చాలా మర్యాదగా. నా మణికట్టు పట్టుకుని అంది. వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు.

పక్కింటామెకి చెప్పాను. "మీ కోడలు బంగారమండీ, మొన్ననే నాకు ఫోన్ చేసి యోగక్షేమాలడిగింది" అంది. అందరికీ చేస్తోందట. వీధిలో ఇంటింటికీ. నంబర్లు తీసుకుంటోందట.

నాకున్న ఆశ ఒక్కటే. ఎవరి వైపు నుంచి చివరగా కదలిక ఉంటే వాళ్లే పైకొస్తారు. ఈ మాట చెప్పింది మా చిన్నదే. ఎక్కడికీ పోరు, లోపలే ఉంటారన్నదీ అదే. ఇంట్లో ఉన్నది కొత్త ఫోనూ కొత్త నంబరూ తెచ్చుకుంది, చిన్నదాని పాత ఫోన్ నా ట్రంకుపెట్టెలో దాచాను. చార్జింగు లేదు, చచ్చిన ఫోన్. అయినా ఆ మనిషి స్నానానికి వెళ్లినప్పుడల్లా నా ఫోన్ నుంచి ఆ నంబరు కొడతాను. పేరు పెట్టి పిలుస్తాను. "నేనే, మీ అత్తని. ఒక్కసారి కదులు తల్లీ. నువ్వు నాకు ఫోన్ చెయ్యి, చాలు" అంటాను. అవతల వాన చప్పుడే. రేకుల మీద.

ఇవాళ మధ్యాహ్నం కూడా కొట్టాను. స్నానాల గదిలో నీళ్ల చప్పుడవుతోంది. రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను.

"అత్తా..."

నా పిల్లే. నా పిల్ల గొంతే. ప్రాణం లేచొచ్చింది.

"తల్లీ! కదులు, పైకి రా! ఆ పెద్దదాన్ని నెట్టెయ్! దాన్ని నేను చూసుకుంటాను..."

అవతల ఇంకెవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు నాకు తెలుసు. జ్వరంలో తడిగుడ్డ వేసినప్పుడు, నన్ను చూడకుండా గోడవైపు తిరిగి ఏడ్చిన ఏడుపు.

"అక్క నా పక్కనే ఉందత్తా" అంది చిన్నది గుసగుసగా. "మొదట్నుంచీ ఇక్కడే ఉంది. పైనున్నది ఆ పేరు లేనిది. ఈవిడని జాగ్రత్తగా ఉండమని చెప్పు, చెప్పు అంటోంది..."

లైను పోయింది.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఇంకా అవుతూనే ఉంది. తలుపు మాత్రం బార్లా తీసి ఉంది.