కట్టుడు పళ్ళాయన కుర్చీ

చెరువు ఒడ్డున ఉన్న ఆ పెంకుటింటి వెనక గదిలో రాత్రిపూట ఎవరూ పడుకోరట.

పడుకుంటే ప్రాణం పోతుందా అంటే, పోదు. జ్వరం వస్తుందా అంటే, అదీ రాదు. పొద్దున్నే నోరు బార్లా తెరుచుకుని లేస్తారట. దవడలు లాగుతుంటాయట. నాలుక మీద లవంగం రుచి ఉంటుందట... అంతే. అంతకు మించి ఆ గది ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు. అయినా చీకటి పడితే ఆ కిటికీ వైపు ఎవరూ తలతిప్పి చూడరు.

ఒకప్పుడు అందులో కట్టుడు పళ్ళు చేసే ముసలాయన ఉండేవాడట. చుట్టుపక్కల బోసినోరన్నది లేకుండా చేశాడట. చివరికి ఓ రాత్రి ఎవరి పన్నో సగం చెక్కి, చాకు పక్కన పెట్టి, అలాగే కళ్ళు మూశాడు. ఆ సగం పన్ను ఎవరిదో ఈ రోజుకీ తెలియదు. దానికోసం ఎవరూ రాలేదు.

ఇదంతా మా చెల్లెలి మనవరాలు చెప్పింది. ఆ ఇంటికి వెళ్ళొచ్చింది అదే. దానికి అబద్ధమాడటం చేతకాదు — చిన్నప్పుడు చక్కెర బొక్కి, మూతికి అంటినది అంటినట్టుండగానే "నేను తినలేదు" అనేది.

ఆ పిల్ల పళ్ళ డాక్టరు చదువు చదువుతోంది. ముందుగా పళ్ళు పీకడం నేర్పుతారనుకున్నాను. కాదట. మైనం ముక్క ఇచ్చి పన్ను చెక్కమంటారట. ప్రతి పన్ను మీదా కొండలూ లోయలూ ఉంటాయట. పుట్టినప్పటి నుంచీ మన నోట్లోనే పెట్టుకు తిరుగుతున్నాం, మనకి తెలియదు చూడండి!

పిల్ల వంతుకి కింది దవడ పెద్ద పన్ను వచ్చింది. మొదటిసారి చెక్కి తీసుకెళితే, పాఠం చెప్పే మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పన్నా, బంగాళాదుంపా?" అంది. రెండోసారి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. ఇక సోమవారం ఆఖరి అవకాశం. అదీ తప్పితే పరీక్షకి కూర్చోనివ్వరు. ఏడాది చదువు నీళ్ళపాలు.

పిల్లకి తిండి సయించడం మానేసింది. నిద్రలో కూడా వేళ్ళు చెక్కుతున్నట్టే కదిలేవట. హాస్టల్లో దాని గదిలోనే ఉండే స్నేహితురాలు — దాన్ని అందరూ పిడుగు అంటారు — ఇక చూడలేకపోయింది.

"ఇలాగైతే నువ్వు పరీక్షకి ముందే పోతావే. మా మేనమామ చెరువు పక్కన చవగ్గా ఇల్లు కొన్నాడు. శని, ఆదివారాలు పోయి హాయిగా పడుందాం. పుస్తకం వద్దు, మైనం వద్దు, చాకు వద్దు. చదువు మాటెత్తినవాళ్ళు గిన్నెలన్నీ తోమాలి."

"చెరువు పక్కన ఇల్లు మీ మామయ్యకి అంత చవగ్గా ఎలా దొరికిందే?"

"నువ్వు ముందు బట్టలు సర్దు."

శనివారం మధ్యాహ్నానికి చేరారు. ఇంటి తాళాలు చూసుకునే ఆవిడ ఎదురొచ్చింది. నడుముకి తాళాల గుత్తి, నోట్లో మాటలు తక్కువ. అన్ని గదులూ చూపించి, వెనక గది దగ్గర ఆగి గొంతు తగ్గించింది.

"ఇందులో మాత్రం పడుకోకండమ్మా."

"ఏం పిన్నీ? ఏమవుతుంది?"

ఆవిడ చెప్పింది. నోరు, దవడలు, లవంగం.

"అంతేనా?" అంది పిడుగు.

"అంతేనంటే... ఇంకేం కావాలి తల్లీ?"

మనవరాలు నవ్వేసింది. "మనసులో బరువున్న వాళ్ళు నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతారు పిన్నీ. పొద్దున్నే దవడలు లాగుతాయి. ఇది దెయ్యం కాదు, అలవాటు."

"గిన్నెలు!" అని అరిచింది పిడుగు. "చదువు మాటెత్తావు!"

తాళాలావిడ నవ్వలేదు. "అలాగేలే తల్లీ. కానీ అక్కడ పెద్ద కుర్చీ ఒకటుంది. దాంట్లో మాత్రం వెనక్కి వాలకండి," అని వెళ్ళిపోయింది.

ఇక విశ్రాంతి మొదలుపెట్టారు. చెరువు గట్టున కూర్చున్నారు. నీళ్ళు చూశారు. కొంగని చూశారు. కొంగ కూడా వీళ్ళని చూసి, చూసి, విసుగొచ్చి ఎగిరిపోయింది.

"ఎంతసేపయిందే విశ్రాంతి తీసుకుని?" అంది మనవరాలు.

"ఊరుకో. నేను కూడా కష్టపడుతున్నాను," అంది పిడుగు.

రాత్రయింది. ముందుగదిలో చెరో మంచం. కప్పలు అరిచి అరిచి ఊరుకున్నాయి. మనవరాలికి మాత్రం కన్ను మూతపడలేదు. మూసుకుంటే చాలు — బంగాళాదుంప. దానికి కాళ్ళూ చేతులూ వచ్చి, మేడమ్ గొంతుతో దీని పేరు పెట్టి పిలుస్తోంది.

ఇప్పుడొక నిజం చెప్పాలి. పిల్ల తన సంచి అడుగున, మేజోడులో దూర్చి, రెండు మైనం ముక్కలు, చాకు తెచ్చుకుంది.

పక్క మంచం వైపు చూసింది. పిడుగు నిండా దుప్పటి కప్పుకుని కదలకుండా ఉంది. పిల్ల మెల్లగా లేచి, మేజోడు పట్టుకుని, పిల్లిలా వెనక్కి నడిచింది. ఆ ఇంట్లో బల్ల ఉన్నది ఒక్క వెనక గదిలోనే. దెయ్యానికి భయపడితే సోమవారం మేడమ్‌కి ఏం చెబుతుంది?

తలుపు ఓరగా ఉంది. సాయంత్రం తాళం వేసి ఉండటం తను చూసింది...

లోపలి నుంచి చప్పుడు.

గీక్... గీక్... గీక్...

కాసేపు ఆగింది. ఉఫ్ — అని ఎవరో ఊదారు. మళ్ళీ... గీక్...

ఆ చప్పుడు పిల్లకి బాగా తెలుసు. మైనం మీద చాకు.

కాళ్ళు వెనక్కి రమ్మంటున్నాయి. చెయ్యి మాత్రం తలుపు తోసింది. కిటికీలోంచి వెన్నెల. బల్ల మీదికి వంగి ఒక తెల్లటి ఆకారం. కింద నేలంతా తెల్లటి పొడి. చాకు మెరిసింది. ఆకారం మెల్లగా... మెల్లగా... ఇటు తిరిగింది.

"ఎ... ఎవరు?"

ఆకారం గొంతు సవరించుకుంది.

"గిన్నెలు నేను తోమను. నువ్వూ చాకుతోనే వచ్చావు."

దుప్పటి కప్పుకున్న పిడుగు! మంచం మీద పడుకున్నది రెండు తలగడలు. తాళంచెవి మామయ్య దగ్గర ఎప్పుడో కొట్టేసిందట. పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు ఇద్దరూ. ఎన్ని రోజుల తర్వాతో అంతలా నవ్వడం. ఆ తర్వాత పక్కపక్కన చేరి చెక్కడం మొదలుపెట్టారు. పిడుగు ఎక్కువ కబుర్లు, తక్కువ పన్ను. మనవరాలిది మళ్ళీ దుంపలాగే తేలింది. సగంలో చేతులు పడిపోయాయి.

"ఇక నా వల్ల కాదే," అని వెనక్కి వాలింది.

వాలింది ఆ పెద్ద కుర్చీలో. మెత్తగా, తలకి ఆనుడు ఉన్న పాతకాలం కుర్చీ. తల దానంతటదే వెనక్కి వెళ్ళింది. ఎన్ని వారాల నిద్రో ఒక్కసారిగా మీద పడింది. పిడుగు కింద చాప మీదే ముడుచుకుంది.

తెల్లవారింది.

పిల్ల లేచేసరికి నోరు బార్లా తెరిచి ఉంది. దవడలు లాగుతున్నాయి. నాలుక మీద...

లవంగం.

"పళ్ళు కొరికి ఉంటాను," అనుకుంది. లవంగం సంగతి మాత్రం ఆలోచించదలుచుకోలేదు.

బల్ల మీద చూసింది. పిడుగు చెక్కిన పన్ను. తను సగం చెక్కిన దుంప. వాటి పక్కన... ఇంకొకటి.

పన్నంటే అది పన్ను. కొండలు, లోయలు, వేర్లు, అన్నీ. చేత్తో ముట్టుకుంటే మైనం ఇంకా వెచ్చగా ఉంది.

"పిడుగూ... ఇది నువ్వేనా?"

పిడుగు కళ్ళు నులుముకుని చూసి, నోరు వెళ్ళబెట్టింది. "నాకే ఇలా వస్తే హాస్టల్ మొత్తానికి నేనే చెక్కిపెట్టేదాన్ని కదే!"

అప్పుడే తాళాలావిడ వచ్చింది. బల్ల చూసింది, కుర్చీ చూసింది, పిల్ల దవడ చూసింది. లోపలికెళ్ళి చెంబుతో గోరువెచ్చని నీళ్ళు తెచ్చిచ్చింది.

"పుక్కిలించుకో తల్లీ."

తిరుగు దారిలో బస్సులో అంతా వాదనే.

"అదే ఇచ్చెయ్యవే. అడిగేదెవరు?"

"అది నాది కాదే..."

"నీది కాకపోతే ఇంకెవరిది? నువ్వు పడుకున్న గది, నీ మైనం. ఏడాది పోగొట్టుకుంటావా దెయ్యం కోసం?"

సోమవారం పిల్ల జేబులో రెండూ పెట్టుకుని వెళ్ళింది. మేడమ్ బల్ల ముందు నిలబడ్డాక, చెయ్యి దుంప మీదికి వెళ్ళింది... ఆగింది... రెండోదాన్ని బయటికి తీసింది.

మేడమ్ కళ్ళజోడు సరిచేసుకుంది. తిప్పి చూసింది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది.

"ఇది పుస్తకంలో పన్ను కాదు," అంది చివరికి.

పిల్ల జేబులో ఉన్న దుంపని పిడికిట్లో దాచుకుంది.

"ఈ మూల చూడు, కాస్త విరిగింది. పుస్తకంలో ఇలా ఉండదు. నిజం చెప్పు. ఎవరి పన్ను చూసి చెక్కావు?"

విరిగిన మూల... పిల్ల నాలుక తనకి తెలియకుండానే కుడి పక్కకి వెళ్ళింది. కింది దవడ. పెద్ద పన్ను. పోయిన నెల చదువుతూ చదువుతూ పెన్సిల్ కొరికితే పెచ్చు లేచిన చోటు.

"నా... నాదే మేడమ్."

"నోరు తెరువు."

చిన్న అద్దం లోపలికి వెళ్ళింది. మేడమ్ నోట్లోకి ఒకసారి, మైనం మీదికి ఒకసారి చూసింది. అలా చాలాసేపు చూసింది.

"లోపల, నాలుక వైపు, చిగురు దగ్గర చిన్న పుచ్చు మొదలైంది. నీకు తెలుసా?"

తెలియదన్నట్టు తలూపింది పిల్ల.

"మరి దాన్ని కూడా చెక్కావే!" మేడమ్ గొంతు తగ్గింది. "అద్దంలో చూసుకుంటే కనిపించే చోటు కాదిది. ఎవరో నోట్లో వేలు పెట్టి తడిమి చూస్తే తప్ప..."

మేడమ్ మైనం పన్నుని బల్ల మీద పెట్టింది. మార్కులు వేసింది, బాగానే వేసింది. పరీక్షకి కూర్చోమంది. సాయంత్రమే ఆ పన్ను బాగు చేయించుకోమని పక్క గదిలోకి పంపింది.

అక్కడ డాక్టరు దూదిని ఏదో నూనెలో ముంచి, "కాస్త ఘాటుగా ఉంటుందమ్మా, లవంగ నూనె. ఓర్చుకుంటావా?" అని అడిగాడు.

పిల్ల కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచేముందు చెప్పింది —

"అలవాటేనండీ."