వాగు దాటే బండి

ముంగిట్లో జనం కనిపించగానే రేఖ అడుగుల వేగం పెంచింది. బాన్సువాడ నుంచి వచ్చిన బస్సు దిగి, ఊతకర్రతో తండాలోకి నడిచి వచ్చేసరికి ఇంటి ముందు పాతికమంది గుమిగూడి ఉన్నారు. వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని వెళ్లిన రేఖ, అత్త భీమ్లి ముఖం చూసి అక్కడే కొయ్యబారిపోయింది. చెంపలకు ఇరువైపులా వేలాడే వెండి టోప్లీలు లేవు! పెళ్లయిన నాటి నుంచి భీమ్లి వాటిని ఒక్కరోజైనా తీసి ఎరగదు. తండాలో ఆడది ఆ వెండి తీసేది మగడు పోయినప్పుడే...

"మామా..." అంటూ రేఖ నేల మీద కూలబడింది. పొద్దున తాను బయలుదేరేటప్పుడు నవ్వుతూ చాయ్ తాగిన మనిషి... ఇంతలోనే...

"ఏందమ్మా, గట్ల కూసున్నవు?"

జనం వెనక నుంచి మామ రూప్లా గొంతు. ఆయన నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. పక్కనే ఎర్రటి చిన్న బండి. పైన బైకులాంటి హ్యాండిల్, కింద నాలుగు లావుపాటి టైర్లు. భర్త వినోద్ దానికంటిన బురద తుడుస్తున్నాడు.

రేఖ ఊతకర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"ఏటీవీ అంటరు దీన్ని. మద్నూర్ కాడ పండ్లతోటోళ్లు అమ్ముతుంటే తెచ్చిన. పాతది, అన్నిట్ల చిన్నది. కొత్తది మనతోని కాదు," అన్నాడు వినోద్. "రోడ్డు మీద నడపరాదు. మన అడవి బాటకైతే చాలు. కాలితోని పనే లేదు రేఖా. బొటనవేలితో నొక్కితే పోతది, బ్రేకు చేతులనే ఉంటది."

రేఖ వాగు అవతలి తండాలో అంగన్‌వాడీ టీచరు. మధ్యలో మూడు కిలోమీటర్ల రాళ్ల బాట. పోయిన వానాకాలం వాగు దిగుడులో బైకు జారి ఆమె కుడికాలు విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఆ తర్వాత బైకు నడపలేక, అంత దూరం నడవలేక పది నెలలుగా సెలవు మీద ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పది నెలల్లో భీమ్లి నోట ఒక్క చల్లని మాట రాలేదు. 'ఇంట్ల కూసుంటే కాలు ఎందుకు విరుగుతుండె' అనే సాధింపే తప్ప... అలాంటి అత్త ఈ బండి కోసం వెండి తీసిందా?

"అత్తమ్మా... నీ వెండి..."

"అమ్మిన." భీమ్లి ముఖం తిప్పుకుంది. "నిద్రల గా పిల్లల పేర్లు పిలుస్తుంటివి. ఎన్ని దినాలు వినాలె నేను?"

"మామ ఉండంగ తీస్తే నలుగురు ఏమంటరు?"

"నేను గీడనే నిలబడ్డ గద," అన్నాడు రూప్లా. "అనెటోళ్లను నా మొకం చూసి అనమను."

రేఖ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నేను మీకు చెప్పలే... ఇయ్యాల బాన్సువాడ ఆఫీసుల రాజీనామా ఇచ్చొచ్చిన."

భీమ్లి నెమ్మదిగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె చేయి తనకు తెలియకుండానే బోసిపోయిన చెంపను తడుముకుంది.

వినోద్ వెంటనే సూపర్‌వైజర్ వైశాలికి ఫోన్ చేశాడు. ఆమె "ఆ కాగితం ఇంకా పైకి పంపలేదు. సోమవారం రేఖ సెంటర్ తెరిస్తే చింపేస్తా. తెరవకపోతే పంపక తప్పదు," అంది.

కోసిన వరిమడిలో రేఖ రెండు రోజులు బండి నేర్చుకుంది. సోమవారం పొద్దున భీమ్లి ఎవ్వరినీ రానివ్వలేదు. తానే బండి ముందు నడుస్తూ, బాటలోని రాళ్లను పక్కకు నెడుతూ వాగు దాకా తీసుకొచ్చింది.

దిగుడు దగ్గర రేఖ బండి ఆపేసింది. ఆ రోజు వినిపించిన ఎముక విరిగిన చప్పుడు మళ్లీ చెవుల్లో మోగింది.

"నాతోని కాదు అత్తమ్మా..."

భీమ్లి లంగా పైకి దోపుకుని, మోకాటి లోతు నీళ్లలో తడుముకుంటూ అవతలి ఒడ్డెక్కి ఇటు తిరిగింది.

"అడుగున ఇసుకనే ఉన్నది. రా బిడ్డా."

పెళ్లయిన ఏడేళ్లలో ఆ నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. రేఖ కళ్లు తుడుచుకుని బొటనవేలు నొక్కింది. బండి ఊగుతూ దిగింది, నీళ్లు చిమ్ముతూ కదిలింది, గుర్రుమంటూ ఒడ్డెక్కింది. రేఖ బండి ఆపి, అత్త చేయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

భీమ్లి తడిసిన కొంగుతోనే కోడలి ముఖం తుడిచింది.

"ఏడుసుడు ఇంటికొచ్చినంక. పిల్లలు ఎదురుచూస్తుంటరు, పో."