కరిగించే సూది

మా అత్తగారిలో ఒక్కటే లోపం. ఆవిడకి అందరిలోనూ లోపాలు కనిపిస్తాయి.

కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే, రంగుపోయిన తాలుకాయని పది గజాల దూరం నుంచే పట్టేసే చూపు హనుమాయమ్మగారిది. ఆ చూపుతోనే మా మరిది శివరామకృష్ణ కోసం పదకొండు మంది అమ్మాయిలను చూసి, పదకొండు మందినీ తాలు కింద ఏరేశారు. శివకి మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్ ఉంది, ముప్ఫై రెండేళ్ళున్నాయి, బోలెడంత ఓపిక ఉంది. పెళ్ళామే లేదు. "ముందు నేను చూస్తాను. నాకు నచ్చితే నువ్వు చూద్దువుగాని" అనేది అత్తయ్య పద్ధతి. పాపం, శివ ఇంతవరకూ ఒక్కరినీ చూడనేలేదు.

పన్నెండో సంబంధం దగ్గర కథ తిరగబడింది. చిలకలూరిపేటలో అమ్మాయి వాళ్ళ బామ్మ మా అత్తగారిని ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకుని, "పెళ్ళికొడుకు నాయనమ్మగారు కూడా వచ్చారే, ఈ వయసులో" అంది.

ఆ సంబంధం అక్కడితో సరి. అత్తయ్య ఇంటికొచ్చి గంటసేపు అద్దం ముందు నుంచి లేవలేదు. యాభై తొమ్మిదేళ్ళకే బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"అమ్మాయ్, బుగ్గల్లో ఏదో నింపుతారట కదా, ఫిల్లర్లని. మంచి డాక్టర్ని చూడు" అన్నారు.

చూశాను. చాలా జాగ్రత్తగా చూశాను.

గుంటూరు కొత్తపేటలో చర్మం డాక్టరు క్లినిక్. బయట జోరున వాన. డాక్టర్ లక్ష్మీదుర్గ తలకి టోపీ, మొహానికి మాస్కు. కనిపించేవి రెండు కళ్ళే. మమ్మల్ని కారులో తీసుకొచ్చిన శివకి ఆ రెండూ సరిపోయినట్టున్నాయి, తెరిచిన గొడుగు తెరిచినట్టే పట్టుకుని లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఎక్కువకాలం ఉండేది పెట్టమ్మా. ఒకసారి పెడితే ఇక తిరిగి చూసుకోకూడదు" అన్నారు అత్తయ్య.

"శాశ్వతంగా ఉండిపోయేవీ ఉన్నాయి ఆంటీ. నేను వాడను. మొహం ఏటేటా మారుతుంది, అది మారదు. కాల్షియంతో చేసేది ఇంకోటి. గట్టిగా నిలబెడుతుంది కానీ కళ్ళ కింద పనికిరాదు, నచ్చకపోతే తీయలేం. మూడోది హయలురోనిక్ యాసిడ్ జెల్. ఏడాది, అటూఇటూగా ఉంటుంది. నచ్చకపోతే ఇంకో సూదితో కరిగించేయొచ్చు. మొదటిసారి పెట్టించుకునేవాళ్ళకి అదే మంచిది."

"మేమూ రాళ్ళకి ఇదే చేస్తామండి" అన్నాడు శివ, ఎవరూ అడక్కుండానే. "సన్న పగుళ్ళలో రెసిన్ నింపి పాలిష్ కొడతాం. ఎక్కడ నింపామో ఎవరూ కనిపెట్టలేరు."

"కొనేవాళ్ళకి చెబుతారా?"

"అడిగితే చెబుతాం."

"అడక్కపోతే?"

శివ గొడుగు మూశాడు.

"రాయి నవ్వదండి. మొహం నవ్వుతుంది. నవ్వించి చూసి నింపాలి" అందామె. "ఆంటీ, ఒకసారి నవ్వండి. ఇటు వెలుతురులోకి తిరగండి. నాలుగు మాటలు మాట్లాడండి."

"ఏంటమ్మా ఇది, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు?"

"మీ దగ్గర నేర్చుకున్నదే ఆంటీ" అని ఆమె మాస్కు తీసింది. ఎడమ బుగ్గ మీద మినపగింజంత గుంట, చిన్నప్పటి ఆటలమ్మ వదిలిపోయినది. "మూడేళ్ళ కిందట చీరాలలో, మా ఇంట్లో, నన్ను కిటికీ వైపు తిరగమన్నారు. బుగ్గ మీద గుంట ఉన్న పిల్ల వద్దని కబురు పెట్టారు."

నేను గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చదువుకున్నాను. ఆ రోజు అత్తయ్య వెంట నేనూ వెళ్ళాను, రెండు బొబ్బట్లు తిన్నాను. బొబ్బట్ల రుచితో పాటు పిల్ల పేరూ గుర్తుండిపోయింది.

"మీరే డాక్టరు కదా, మరి దాన్ని నింపుకోలేదేం?" అన్నాడు శివ మెల్లగా.

"నవ్వితే కనిపించదు. మాట్లాడుతుంటే కనిపించదు. పట్టుకుని కిటికీ వైపు తిప్పితేనే కనిపిస్తుంది. అంత శ్రమపడి చూసేవాళ్ళ కోసం నాకెందుకండీ సూది?"

అత్తయ్యని మాత్రం పది రోజులు ఆలోచించుకుని రమ్మంది.

కారెక్కాక అత్తయ్య, "పిల్ల చక్కగానే ఉంది. ఆ రోజు వెలుతురు సరిగ్గా పడలేదు" అన్నారు. అంటే తప్పు కిటికీదన్నమాట.

ఆ పది రోజుల్లో శివకి రాతిదుమ్ము పడక దురద మొదలైంది. ఎనిమిదేళ్ళుగా రాని దురద. మూడుసార్లు క్లినిక్‌కి వెళ్ళాడు. ఆమె రాసిచ్చిన మూడు మందు ట్యూబులూ మూత తీయకుండా మా ఫ్రిజ్ మీద ఉన్నాయి.

"అడిగేశాను వదినా" అన్నాడు మూడో ట్యూబు పెడుతూ.

"ఏమంది?"

"నాతో ఏ ఇబ్బందీ లేదంది. కానీ ఆ కబురు విని వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం తినలేదట. మా అమ్మ తన నోటితో ఆ మాట వెనక్కి తీసుకుంటేనే ముందుకెళ్దాం అంది."

"ఇంకేం, అత్తయ్యకి చెప్పు."

"అమ్మ తప్పు ఒప్పుకోవడమా? అంతకంటే ముందు మార్టూరు కొండ నడిచొచ్చి మన గుమ్మంలో కూర్చుంటుంది."

ఒప్పుకోమని ఎవరైనా చెబితే అత్తయ్య ఈ జన్మకి ఒప్పుకోరు. అందుకని నేనేమీ చెప్పలేదు. ఆవిడ చేతి అద్దం తీసి కిటికీ పక్కన, తన గుంటలు తనకి కనిపించే వెలుతురులో పెట్టి ఊరుకున్నాను.

పదకొండో రోజు సూదులయ్యాయి. ఒక్కో వైపు కొంచెమే. అద్దం ఇస్తే అత్తయ్య అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. వయసేం తగ్గలేదు కానీ, నాలుగు రోజులు కంటినిండా నిద్రపోయి లేచినట్టున్నారు.

"నచ్చకపోతే కరిగించే సూది ఉందన్నావు కదమ్మా?"

"ఉంది ఆంటీ. నచ్చలేదా?"

"ఇది బాగుంది. నోటితో అనేసిన మాటకి అలాంటిదేమైనా ఉందా అని."

లక్ష్మీదుర్గ గ్లవ్స్ విప్పి పక్కన పెట్టింది. "నా దగ్గర లేదు ఆంటీ. ఉంటే మీ దగ్గరే ఉండాలి."

అత్తయ్య గుమ్మం వైపు చూశారు. అక్కడ శివ నాలుగోసారి దురదతో, ఎడమ చెయ్యి గోక్కుంటూ నిలబడి ఉన్నాడు.

"మొన్నటిదాకా కుడి చెయ్యి కదరా గోక్కుంది? దించు" అని, లక్ష్మీదుర్గ వైపు తిరిగారు. "మీ అమ్మగారికి ఫోన్ కలుపు."

కలిపింది. అత్తయ్య ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నారు.

"నమస్కారమండీ, హనుమాయమ్మని. మూడేళ్ళ కిందట మీ ఇంట్లో బొబ్బట్లు తిని, మీ పిల్లకి వంక పెట్టి పోయినదాన్ని. వంక పిల్లలో లేదండీ." నా వైపు చూశారు. "కిటికీలోనూ లేదు. తప్పు నాదే."