ఏడు నిమిషాల గొంతు

"దీని నోరు మీరే మూయించారా?" అని అడిగాడు రఘువీర్.

గది మూలన ఇనుప పెట్టెలో పన్నెండు డిస్కులున్నాయి. పదకొండింటి మీద ఆకుపచ్చ దీపం, నాలుగోదాని మీద నారింజ దీపం. ఒక డిస్కు పోతే ఆ పెట్టె ఆగకుండా కూత పెట్టాలి. ఇప్పుడు చప్పుడు లేదు.

"మరేటి సేయమంటారు? నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముసలోళ్ళ మాటలు రాసుకోవాలి. అది కీ కీ అంటావుంటే ఎలా లా?" అంది ఆ అమ్మాయి, మాట చివర మలేసియా యాసలో 'లా' తగిలించి.

"ఎప్పుడు ఆపారు?"

"శుక్రవారం."

"ఇవాళ సోమవారం. మూడు రోజులైంది."

"మధ్యలో శని, ఆదివారాలు వచ్చినాయి. వాటినీ నేనే ఆపాలా?"

రఘువీర్‌కి నవ్వొచ్చింది. దాంతో ఆమె ముఖం మాడిపోయింది.

"నా తెలుగు విని నవ్వుతున్నారు. మీ దేశపోళ్ళందరూ అంతే."

"అయ్యో, కాదండీ మోహనప్రియ గారూ." మెడలో వేలాడే కార్డు మీద ఆమె పేరు చదివి అన్నాడు.

"గారు ఒకటి. ఎవరో ముసలమ్మని పిలిచినట్టుంది."

రఘువీర్ నర్సీపట్నం నుంచి కౌలాలంపూర్ వచ్చి రెండేళ్ళు దాటింది. స్టోరేజ్ పెట్టెలు బిగించడం, బాగుచెయ్యడం అతని ఉద్యోగం. ఏడాదిన్నర కిందట ఈ పెట్టెని బిగించింది కూడా అతనే. ఒకప్పుడు రబ్బరు ఎస్టేటుల్లో పనిచేసిన తెలుగువాళ్ళ మాటల్ని రికార్డు చేసి దాచే చిన్న కేంద్రం అది. ఒక దుకాణం పైన రెండో అంతస్తు. మోహనప్రియ తరవాత చేరింది. ఊరూరా తిరిగి రికార్డు చెయ్యడం, విని రాయడం ఆమె పని.

అతను పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టాడు. మిగతా పదకొండు డిస్కుల్ని చదువుకుంటూ పోయినదాన్ని ఈ కొత్తదాని మీద తిరిగి రాస్తుందని, రేపటికి అయిపోతుందని చెప్పాడు.

మర్నాడు వచ్చేసరికి అరవై నాలుగు శాతం దగ్గర ఆగిపోయి ఉంది. ఏడో డిస్కులో చాలా చోట్ల చదవడానికి ఏమీ మిగల్లేదు. ఎన్నాళ్ళుగానో లోలోపల పాడవుతున్నా, పైకి ఆకుపచ్చ దీపమే వెలిగింది.

"ఏవేవి పోయినాయి?" అంది మోహనప్రియ.

ఊరు, మనిషి పేరు, నిడివి వరసన అతను జాబితా చదవసాగాడు. సుంగై సిపుట్, మరిడమ్మ, రెండు గంటలు. హుటాన్ మెలింటాంగ్, అప్పడు, పదకొండు గంటలు.

"ఆగండి."

"ఇంకో కాపీ ఉందా?"

"రెండో కాపీకి పెట్టె వచ్చే ఏడాది తీసుకుందామన్నారు ఆఫీసోళ్ళు. రికార్డర్‌లో కార్డు తుడిచేసి మళ్ళీ వాడుకున్నాను."

"ఆయన్ని మళ్ళీ మాట్లాడించొచ్చు కదా? అంటే... ఉన్నారా?"

"ఉన్నాడు. మా నాయన." ఆమె కుర్చీలో కూర్చుంది. "గొంతులో కేన్సర్ అన్నారు. పోయినేడు ఆపరేషన్ సేసి గొంతు తీసేసినారు. దానికి ముందు రెండు వారాలు కూర్చోబెట్టి రికార్డు సేసినాను."

బయట వాన మొదలైంది. రఘువీర్ తీసేసిన పాత డిస్కుని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

ఆ తరవాత మూడు వారాలు రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక అక్కడికే వచ్చేవాడు. పాడైన ఏడో డిస్కుని మళ్ళీ మళ్ళీ చదివిస్తూ, దొరికిన ముక్కల్ని అతికించేవాడు. పని సాగనప్పుడు ఇద్దరూ కింది కొట్లో దోశ తినేవాళ్ళు.

"మీరు చట్నీ కూడా డిస్కులాగే మూల మూలా వెతుకుతారు," అనేది ఆమె.

"అలవాటు."

"మాట్లాడరేటి? నాతో గొడవ పడడానికి ఒక మనిషి కావాలి."

"మీరొక్కరే ఇద్దరి వాటా పడుతున్నారు కదా."

ఆమె నవ్వేది. నవ్వి, గుర్తొచ్చినట్టు ఆపేసేది.

పదకొండు గంటల్లో చివరికి దొరికింది ఏడు నిమిషాలు. అందులో అప్పడు కథలేమీ చెప్పడం లేదు. చేప ఎత్తుకుపోయిన పిల్లిని తిడుతున్నాడు. దాని అమ్మనీ అమ్మమ్మనీ, దానికి పాలు పోసిన పక్కింటివాళ్ళనీ వదలకుండా తిడుతున్నాడు. మోహనప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో రఘువీర్‌కి తెలియలేదు. ఈ అమ్మాయి ఏడవకుండా ఉండడానికి ఏం చెయ్యమన్నా చేస్తానని మాత్రం అనిపించింది.

శనివారం మధ్యాహ్నం పెట్టెలో అన్నీ కొత్త డిస్కులు వేసి, సెట్టింగులు పెట్టడానికి ఆమెనే కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు.

"ముందు స్పేర్. ఈ పన్నెండోది ఖాళీగా కూర్చోవాలి. ఏ డిస్కు పడిపోయినా దాని చోటు ఇది అందుకుంటుంది."

"పాపం. దానికి బతుకంతా వెయిటింగేనా?"

"నాలాగే," అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "తర్వాత ఏటి?"

"రీబిల్డ్ వేగం, అంటే పోయినదాన్ని తిరిగి రాసే వేగం. ఎక్కువ పెడితే పెట్టె తొందరగా కోలుకుంటుంది, మీ పని నెమ్మదిస్తుంది."

"ఎక్కువే పెడతాను."

"హెచ్చరిక మెయిల్ ముగ్గురికి వెళ్ళాలి. మీకు, మీ ఆఫీసుకి, నాకు. ఇప్పుడు వారం వారం తనిఖీ. ప్రతి డిస్కునీ మూల మూలా చదివి, ఎక్కడైనా పాడైతే అప్పుడే సరిచేస్తుంది."

"ఇది ముందు లేదా?"

"ఉంది. ఎవరో ఆఫ్ చేశారు."

"నేనే ఏదో నొక్కి ఉంటాను."

"మీరు కాదు. ఎవరెప్పుడు ఏం మార్చారో లాగ్‌లో ఉంటుంది, చూపిస్తాను ఉండండి."

వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆమె కిటికీలు మూయడానికి లేచింది. రఘువీర్ లాగ్ తెరిచాడు. ఏడాదిన్నర కిందటి తేదీ. తనిఖీ ఆపబడింది. ఆపినవారు: రఘువీర్.

అతనికి గుర్తొచ్చింది. పాత రికార్డింగులు ఎక్కించేటప్పుడు వేగం కోసం ఒక్క గంట ఆపాడు. ఇంతలో ఇంకో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బయల్దేరిపోయాడు. మళ్ళీ ఆన్ చెయ్యలేదు.

"ఎవరు?" అంది ఆమె వెనక నుంచి.

అతని వేలు స్క్రీన్ మీది ఆ లాగ్ కిటికీని మూసేసింది. "అంత పాతవి లేవు."

"అంటే నేనే." ఆమె కూర్చుంది. "కూత ఆపింది నేను. తనిఖీ ఆపింది నేను. డాక్టర్ ఒకసారి కోసినాడు, నేను రెండోసారి కోసినాను."

రఘువీర్ కీబోర్డు తన వైపు లాక్కుని తనిఖీని ఆన్ చేశాడు.

పది రోజులు గడిచాయి. ప్రతి వారం ఊరికెళ్ళే మోహనప్రియ ఈసారి వెళ్ళలేదు. నాయన ముఖం ఎలా చూడాలని అంది. దోశ సగం వదిలేసేది. గొడవ కూడా పడడం మానేసింది. ఎదురుగా కూర్చున్న రఘువీర్ రోజూ ఆ మిగిలిన సగం వైపు చూసేవాడు.

పదకొండో రోజు లాగ్ పేజీని ప్రింటు తీసి ఆమె కంచం పక్కన పెట్టాడు.

"తనిఖీ ఆపింది నేను. మీరు కాదు. మీరు శుక్రవారమే ఫోన్ చేసినా ఇంతకంటే ఏమీ మిగిలేది కాదు. ఆ మూడు రోజులకీ దీనికీ సంబంధం లేదు."

ఆమె రెండుసార్లు చదివింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ శనివారం."

"నేను కిటికీలు మూస్తున్నప్పుడు."

"ఔను."

"మర్చిపోవడం ఎవరికైనా అవుతాది," అంది నెమ్మదిగా. "పది రోజులు నేను నన్ను తిట్టుకుంటావుంటే ఎదురుగా కూర్చుని తిన్నారు. అది మర్చిపోవడం కాదు."

వానలోనే వెళ్ళిపోయింది.

రఘువీర్ తన ఆఫీసులో కూడా జరిగింది రాసిచ్చాడు. బయటి పనుల నుంచి అతన్ని తప్పించారు. ఆ సాయంత్రం ఆమెకి ఒక మెసేజ్ పెట్టాడు: మీ నాయనకి నేనే చెప్పాలి, రానిస్తారా? రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు హుటాన్ మెలింటాంగ్ చిరునామా మాత్రం వచ్చింది.

ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళాడు. ఇల్లు నది పక్కనే ఉంది. అరుగు మీద అప్పడు వల బాగుచేసుకుంటున్నాడు. బక్కపలచని మనిషి, మెడకి తెల్లటి గుడ్డ. మోహనప్రియ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

రఘువీర్ కింద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాడు. ఆ పది రోజుల సంగతీ చెప్పాడు. చెప్పి, ఫోన్‌లో ఏడు నిమిషాలూ వినిపించాడు.

తన గొంతు తనే వింటూ అప్పడు వల పక్కన పెట్టేశాడు. పిల్లి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు. అయిపోయాక మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత పెదవులు కదిలించాడు.

మోహనప్రియ వాటిని చూస్తూ చెప్పింది: "'పోయింది ఎలాగూ పోయింది. ఇంత దూరం వచ్చి సెప్పినావు,' అంటున్నాడు."

పెదవులు మళ్ళీ కదిలాయి. ఆమె ఊరుకుంది. అప్పడు వేలితో అరుగు మీద టకటకా కొట్టాడు.

"'ఇది సెప్పడానికే వచ్చినావా, ఇంకేటైనా ఉందా?' అని..." ఆమె తల దించుకుంది. "ఊరికే అడుగుతున్నాడు లా."

"ఇంకొకటి ఉంది అంకుల్," అన్నాడు రఘువీర్. "మీ అమ్మాయంటే నాకిష్టం. నిజం చెబితే ఇక మాట్లాడదని భయపడ్డాను. ఆ భయంతోనే ఆమెని ఏడిపించాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

అప్పడు చాలాసేపు పెదవులాడించాడు.

"ఏమంటున్నారు?"

"సెప్పను."

మళ్ళీ వేలి చప్పుడు.

"'అది మొండిది. కోపం ఒకనాటికి దిగదు. నీకు ఓపికుందా?' అంటున్నాడు."

"ఉంది అంకుల్."

అప్పడు చెయ్యి చాపి అతని తల మీద పెట్టాడు. చేపల వాసన వేసే గరుకు చెయ్యి. కాసేపు ఉంచి, తీసి, వల ఒళ్ళోకి లాక్కున్నాడు.

రేకుల మీద వాన చినుకులు మొదలయ్యాయి. తిరుగు బస్సుకి టైమైంది. రఘువీర్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది మోహనప్రియ.

అది కూడా ఆయన మాటే అనుకుని, జవాబు చెప్పడానికి అతను అప్పడు వైపు తిరిగాడు. ఆయన తల వంచుకుని వలకి ముడి వేసుకుంటున్నాడు. పెదవులు కదల్లేదు.