తాళం లేని కార్ఖానా

శవాన్ని సున్నపు గుంతలోంచి పైకి లాగేసరికి ఉదయం ఏడుంపావు.

తోళ్ల కార్ఖానా అది. అలాంటి గుంతలు పదకొండు. పచ్చితోళ్లు వాటిలో నానితే వెంట్రుకలు ఊడతాయి. నాలుగో గుంతలో తోళ్లతోపాటు మనిషి నానాడు. నలభై దాటిన కూలీ. భార్య, కూతురు కూడా అక్కడే పని చేస్తారు.

ఇన్‌స్పెక్టర్ గుంత అంచున నిలబడ్డాడు. హెడ్ కానిస్టేబుల్ ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు.

"ఎవరు చూశారు?"

"నేనేనండి. ఆరూ నలభైకి," అన్నాడు మేస్త్రీ.

"ఎలా పడ్డాడు?"

"బయటికెళ్లి తాగొచ్చాడండి. తూలి పడుంటాడు. గేటు పుస్తకంలో ఉంది, చూస్కోండి. నాలుగూ యాభైకి వెళ్లాడు. ఐదున్నరకి వచ్చాడు."

అడక్కుండానే టైము చెప్పాడు. ఇన్‌స్పెక్టర్‌కి అది నచ్చలేదు.

ఎనిమిదింటికి యజమాని వచ్చాడు. వెంట కార్మిక శాఖ ఆఫీసరు. కార్ఖానాలో కూలీ పోతే, అక్కడ వెట్టి ఉందో లేదో ఆ శాఖ తేల్చాలి. ఉందంటే కూలీలకు విముక్తి పత్రాలు వస్తాయి. లేదంటే ఫైలు మూతపడుతుంది. ఆఫీసరు ఫారం తీశాడు.

"గేటుకి తాళం?"

"తాళమే కొనలేదు సార్," అన్నాడు యజమాని.

"గొలుసులు?"

"కూలీలండీ వీళ్లు. ఎద్దులనుకున్నారా?"

"అప్పు పత్రాలు?"

"ఒక్కటుంటే చూపించండి."

మూడు గడుల్లోనూ 'లేదు' పడింది. షెడ్డు గోడ దగ్గర కూతుర్ని పట్టుకుని కూర్చున్న భార్య అది చూసి లేచింది. నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ కాగితం మీద లేదని రాసేస్తే నేనూ నా పిల్లా ఇక్కడే చావాలి."

"గేటు తీసే ఉందిగా అమ్మా. వెళ్లిపోవచ్చుగా," అన్నాడు హెడ్డు.

ఆమె మేస్త్రీ వైపు చూసి నోరు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఆమెను పక్కకి తీసుకెళ్లాడు. "రాత్రి ఎక్కడున్నావు?"

"మా అమ్మ దగ్గర. నిన్న సాయంత్రం వెళ్లాను. తెల్లారగట్ల నాలుగింటికి అమ్మ పోయింది. పక్కింటాయనతో ఇక్కడికి కబురు పంపాను. ఆరుంపావుకి నేనూ వచ్చేశాను."

"తల్లి శవాన్ని వదిలేసి వచ్చావా?"

"నేనొస్తేనే కదా బాబూ ఆయన్ని వదిలేది. అమ్మని మోయాలిగా."



ఇన్‌స్పెక్టర్ వాచ్‌మన్ గదిలో కూర్చుని గేటు పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. రెండు గంటలు పట్టింది. ఆఫీసరు గుమ్మంలో నిలబడి విసుక్కున్నాడు.

"నన్ను వెళ్లనివ్వండి సార్. బానిస అనే మాటకి అర్థాన్ని మన చట్టం మూడుసార్లు మార్చింది. మొదట్లో సంతలో కొన్నవాడే బానిస. సంతలు మూయించారు. యజమానులు పదేళ్ల ఒప్పందాలు రాయించుకున్నారు. ఒక తరం గడిచాక అదీ బానిసత్వమేనన్నారు. వీళ్లు అప్పు పత్రాలకు దిగారు. అవీ చెల్లవన్నారు. ఇప్పుడు బానిస అంటే వదిలి వెళ్లే వీలు లేనివాడు. ఇక్కడ గేటు బార్లా తెరిచి ఉంది. నేనేం రాయను?"

"చట్టం మారినప్పుడల్లా యజమాని పద్ధతి మార్చాడు. మీరు పాత ఫారం పట్టుకుని గొలుసులు వెతుకుతున్నారు. సిగ్గుగా లేదూ? అందర్నీ పిలవండి."

పదకొండున్నరకి అందరూ ఆఫీసు గదిలో ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం బల్లమీద పడేశాడు.

"మూడేళ్ల పుస్తకం. పంతొమ్మిది కుటుంబాలు. రోజూ ఎవరో ఒకరు బయటికి వెళ్తూనే ఉన్నారు. బజారుకి, డాక్టరు దగ్గరికి, పెళ్లికి, చావుకి. కానీ ఒకే ఇంటి మనుషులు ఇద్దరు కలిసి బయటున్న గంట ఒక్కటీ లేదు. ఒకరు లోపలికొచ్చాకే ఇంకొకరు బయటికి. వెళ్లినవాడు తిరిగి రాక ఏం చేస్తాడు? పెళ్లాం పిల్లలు లోపలుంటే తాళం ఎందుకు?"

ఇన్‌స్పెక్టర్ ఇవాల్టి పేజీ తీశాడు.

"మూడేళ్లలో ఆ పద్ధతి ఒక్కసారే తప్పింది. ఇవాళ. నిన్న సాయంత్రం ఆరూ పదికి భార్య వెళ్లింది. అది నిన్నటి పేజీ. ఇవాళ ఆరుంపావుకి వచ్చింది. మధ్యలో నాలుగూ యాభైకి మొగుడు వెళ్లాడట. మేస్త్రీ, ఎలా వదిలావు?"

"గేటు తెరిచే ఉంటుంది కదండీ."

"తెరిచే ఉంటే ఈవిడ తల్లి శవాన్ని వదిలి ఎందుకు పరుగెత్తింది?"

ఇన్‌స్పెక్టర్ వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"ఇది నీ రాతేనా?"

"నాదేనండి. రాయమన్నది మేస్త్రీ."

"ఎప్పుడు?"

"ఐదున్నరకండి. అప్పటికే ఆయన గుంతలో ఉన్నాడు. అత్త పోయిందని కబురొచ్చింది, వెళ్తానన్నాడు. పెళ్లాం వచ్చేదాకా ఆగమన్నాడు మేస్త్రీ. ఆయన ఆగలేదు. మేస్త్రీ తోళ్లు తిప్పే గెడతో ఆయన్ని ఛాతీమీద పొడిచి గుంతలో పడేశాడండి."

"నిన్నటి పేజీలో భార్య బయటుందని నీకు తెలుసు. ఈ రాత పట్టిస్తుందని మేస్త్రీకి చెప్పలేదేం?"

"ఆయన అడగలేదు. రాయమన్నాడు, రాశాను."

హెడ్డు మేస్త్రీ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు.

"వాడు చేసినదానికి నాకేం సంబంధం?" అన్నాడు యజమాని.

"ఆ పద్ధతి ఎవరిది?" అని ఇన్‌స్పెక్టర్ వాచ్‌మన్‌నే అడిగాడు.

"వీళ్ల నాన్నగారు పెట్టిందండి. ఈయన అలాగే ఉంచారు."

రెండో బేడీ యజమానికి పడింది.

ఆఫీసరు పాత ఫారం చించేసి విముక్తి పత్రాలు తీశాడు. భార్యకొకటి, కూతురికొకటి రాశాడు. ఆమె తీసుకోలేదు.

"ఆయనది?"

"పోయినవాళ్లకి ఇవ్వరమ్మా."

"ఉన్నన్నాళ్లూ మీరిచ్చారా?"

ఆఫీసరు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ కలం వైపు చూపించాడు. ఆఫీసరు మూడో పత్రం తీశాడు.

"ఎప్పట్నుంచి బానిస అని రాయను?"

"ఈ షెడ్డులోనే పుట్టాడండి."

"అప్పటి చట్టం ప్రకారం అది బానిసత్వం కాదమ్మా. నేనలా రాయకూడదు."

"ఆవిడ మిమ్మల్ని చట్టం అడగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పుట్టిన తేదీ చెప్పమ్మా. ఈయన రాస్తాడు."