కుడికాలి బరువు

"ఇక్కడ చుక్కాని చేస్తారా?"

వెల్డింగ్ షెడ్డులో మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకున్న మనిషి తల ఎత్తలేదు. "ట్రాక్టరుకా?"

"ట్రాక్టరుకు చుక్కాని ఎందుకండీ? నీళ్ల మీద పోయే బోర్డుకి."

అద్దం కిందికి దిగింది. షెడ్డు యజమాని బుడే గారి కోసం వచ్చిన నాకు ఆయన కూతురు నజ్మీన్ కనిపించింది. ముక్కు మీద మసి, కళ్లలో విసుగు.

"నాన్న గారు లేరా?"

"కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన మంట దగ్గరికి రావడం లేదు. రెండేళ్లనుంచి ఇక్కడ బుడే గారంటే నేనే. బోర్డు ఎక్కడుంది?"

నేను పర్చూరులో మిరపకాయలు కొనేవాణ్ణి. పేరు నాగూర్ వలి. 2009 ఫిబ్రవరి అది. కొమ్మమూరు కాలువ అవతలి గట్టున వరసగా మిరప కల్లాలు. వంతెన తిరిగి బండి మీద వెళ్లేసరికి నా ముందే మరో నలుగురు వ్యాపారులు దిగేవాళ్లు. నీళ్ల మీద పోతే అందరికంటే ముందుంటానని లెక్క వేశాను. చెన్నైలో ఉండే నా స్నేహితుడు కరీముల్లా కొత్త బోర్డు కొనుక్కుని పాతది నాకిచ్చాడు. పదకొండు అడుగుల తలుపు చెక్కలా ఉంటుంది. దాని మీద నిలబడి పొడుగాటి తెడ్డు వేసుకుంటూ పోవాలి.

లెక్కలో ఒక్కటే తేడా వచ్చింది. దాని తోక కింద ఉండాల్సిన రెక్క విరిగిపోయింది. ఎడమ పక్క తెడ్డు వేస్తే ముక్కు కుడికి, కుడి పక్క వేస్తే ఎడమకి. కల్లుపాక నుంచి ఇంటికి పోయేవాడి నడకే.

నజ్మీన్ బోర్డును అటూ ఇటూ తిప్పి చూసింది. మూడు రోజుల్లో అల్యూమినియం రేకుతో చుక్కాని చేసి తోకకు బిగించింది. దాన్నుంచి స్కూటర్ క్లచ్ వైర్లు రెండు ముందుకు లాగి, పాదాల దగ్గర ఒక పలక పెట్టింది.

"కుడికాలితో నొక్కితే కుడికి, ఎడమకాలితో నొక్కితే ఎడమకి. ఏదీ నొక్కకపోతే తిన్నగా పోతుంది. అర్థమైందా, షావుకారు గారూ?"

అర్థమైంది. మర్నాడే బోర్డుతో సహా గట్టు పక్క తుంగలోకి దూరిపోయాను.

"కుడికి లాగుతోందండీ," అన్నాను షెడ్డుకు వచ్చి.

వైరు సరిచేసింది. మళ్లీ తుంగ. మళ్లీ షెడ్డు.

"నిన్నా కుడికే, ఇవాళా కుడికే."

"పోనీ రేపు ఎడమ తుంగలోకి పంపించమంటారా?"

నిజం చెప్పాలంటే మూడోసారి, నాలుగోసారి వెళ్లినప్పుడు నాకు చుక్కాని మీద అంత కోపం లేదు. ఆవిడ తిట్టే తీరు బాగుండేది. పొద్దున్నే ఆ తిట్లు పడితే బేరాలు కూడా బాగా కుదురుతున్నాయనిపించేది.

అక్కడే పప్పులో కాలేశాను. టీ కొట్టు దగ్గర నలుగురిలో గొప్పకు పోయి, "నజ్మీన్ మాట తిన్నగా ఉంటుంది గానీ, చేసిన చుక్కానే వంకర," అన్నాను. అందరూ నవ్వారు.

రెండో రోజు సాయంత్రానికి నజ్మీనే నా గోడౌన్‌కు వచ్చింది. ఈసారి తిట్టలేదు. దానికే భయం వేసింది.

"రైతు జక్రయ్య గారు విత్తనాల గొర్రు బాగుచేయడానికి నాకు ఇస్తానన్నారు. ఇవాళ వేరేచోట ఇస్తానంటున్నారు. ఆడపిల్ల పని వంకరేనట. మీరన్నారట."

"నేను సరదాకి..."

"మీకది సరదా. ఆయన గొర్రు పోతే ఆయన్ని చూసి మిగతా రైతులు కూడా రారు. షెడ్డు మూసుకోవడమే. రేపు పొద్దున రేవుకు రండి. ఆయన్నీ తీసుకురండి."

జక్రయ్య మోపెడ్ మీద వచ్చాడు. నజ్మీన్ చున్నీ నడుముకు బిగించి బోర్డెక్కింది. తూము దాకా గీత గీసినట్టు పోయి, అంతే తిన్నగా తిరిగొచ్చింది.

"మీకిచ్చే ముందు కూడా ఇలాగే నడిపి చూశాను. ఇప్పుడు మీరెక్కండి."

నేను నీళ్ల మీద, ఆవిడ, వెనకే జక్రయ్య ఎడమ గట్టు మీద నడుస్తూ. వంద గజాలు బాగానే పోయాను. మలుపు తిరిగితే కుడి గట్టున ఎర్రగా మిరపకాయల రాశులు. బోర్డు కుడికి మళ్లింది.

"ఆ కల్లం ఎవరిది?" అని అరిచింది.

"వెంకటనారాయణది."

"కాయ ఎలా ఉంది?"

"పైపైన ఎండింది, అడుగున ఇంకా తేమ..."

"మీ కాలు చూసుకోండి!"

చూసుకున్నాను. కుడికాలు పలకను గట్టిగా నొక్కి ఉంది. గోతం మీద కాలేసి తొక్కి, లోపల కాయ ఎంత ఎండిందో చూసే అలవాటు నాది. పదేళ్ల అలవాటు. కాయ కళ్లబడితే చాలు, కాలు దాని పని అది చేసుకుపోతోంది. కాలు తీసేలోపే నేను నీళ్లలో ఉన్నాను.

జక్రయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్ వలీ, నువ్వు తొక్కింది గోతం కాదురా!" ఆ వెంటనే తల గోక్కున్నాడు. "అయినా, కల్లాలు దాటి తిన్నగా పోతేగానీ నేను నమ్మను."

నజ్మీన్ మొహం చూశాను. తడి బట్టలతోనే మళ్లీ ఎక్కాను.

"అటు చూడకండి," అంది గట్టు మీద నుంచి. "ఇటే చూసి మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"వైరు రెండోసారే సరిచేశానుగా. మూడోసారి ఎందుకొచ్చారు?"

"తిట్టించుకోవడానికి."

"నాలుగోసారి?"

"సరిగ్గా తిట్టలేదని."

నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. వ్యాపారంలో ఎప్పుడూ నా ధర ముందు చెప్పను. అవతలివాడిచేతే చెప్పిస్తాను. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను.

"నజ్మీన్, మా అమ్మను మీ ఇంటికి పంపించనా?"

ఆవిడ చప్పున ఆగిపోయింది. నేనూ తెడ్డు వేయడం ఆపాను.

"మీరు ఐదు కల్లాలు దాటారు," అంది మెల్లగా.

"ఎక్కడ?"

"వెనక."

తిరిగి చూశాను. ఐదు కల్లాల కాయ ఎలా ఉందో ఒక్కటీ తెలియదు. నా జీవితంలో అంతగా ఎన్నడూ నష్టపోలేదు. ఒక్క పిసరు కూడా బాధ కలగలేదు.

"గొర్రు రేపు తెస్తానమ్మా!" అని వెనక నుంచి జక్రయ్య కేకేశాడు.

"అమ్మను తర్వాత పంపుదురుగాని," అంది నజ్మీన్. "ముందు టీ కొట్టుకు పోయి, అన్న మాట అక్కడే వెనక్కి తీసుకోండి."

నీళ్లు కారుతూ వెళ్లాను. కొట్టు నిండా జనం. వాళ్ల మధ్య నల్ల కళ్లద్దాలతో బుడే గారు.

"చుక్కాని తిన్నగానే ఉంది. వంకర నా కాల్లో ఉంది," అని అందరికీ వినబడేలా చెప్పాను.

బుడే గారు నింపాదిగా టీ ఊదుకున్నారు. "తప్పు తేలిపోయిందిగా. మరి ఇంకా మా షెడ్డుకు నీకేం పనిరా?"

"పనుంది మావయ్యా. ఈసారి మా అమ్మ కూడా వస్తుంది."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"శుక్రవారం నమాజయ్యాక రమ్మను," అన్నారు. "నువ్వు మాత్రం పొడిబట్టలు కట్టుకుని రా."