మూలమట్టం పడేసిందెవరు?

నిన్న సాయంత్రం కోత పెట్టెకి తన చేత్తో బిగించిన అడ్డుపట్టీ ఈ పొద్దున పెన్సిల్ గీత మీద లేదు. ఎవరో దాన్ని వెంట్రుకవాసి పక్కకి జరిపారు!

రంపానికి దారి చూపే ఆ చెక్క పెట్టె ఆమె సొంతంగా తయారు చేసుకున్నది. అందులో పెట్టి కోస్తే చెక్క సరిగ్గా నలభై ఐదు డిగ్రీల్లో తెగాలి. ఇంకో గంటన్నరలో నాన్న వస్తాడు. ఆమె చేసిన ఫ్రేమ్ మూలల్లో కాగితం దూర్చి చూస్తాడు. దూరకపోతే వర్క్‌షాప్ ఆమెది. దూరిందా, బాబాయికి గోడౌన్‌గా ఇచ్చేస్తాడు.

లోపల ఇంకొక్కడే ఉన్నాడు. రంపాలకి పదును పెట్టే అతను. మాట కూడా కొలిచి మాట్లాడతాడని ‘డిగ్రీ’ అని పేరు పెట్టింది ఆమే.

"ఏయ్ డిగ్రీ! దీన్ని ముట్టుకున్నావా?"

"టీ తాగారా, మేస్త్రీ గారూ?"

"అడిగినదానికి చెప్పు."

"తాగినట్టు లేరు."

పళ్లు నూరుతూ రెండు ముక్కలు కోసింది. మూల కలిపి, తొంభై డిగ్రీలు సరిచూసే నాన్న పాత ఉక్కు మూలమట్టం ఆనించింది. మట్టానికీ చెక్కకీ మధ్య సన్నగా వెలుతురు!

"నా కొంప ముంచావు కదయ్యా!" స్క్రూడ్రైవర్ అందుకుంది.

"విప్పకండి!"

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ చేతి వంకే చూశారు. వదిలేశాడు, కాస్త ఆలస్యంగా.

"తప్పు పెట్టెది కాదు, మట్టానిది. దాంతో ఒక గీత గీయండి. బోర్లా తిప్పి అక్కడే మళ్లీ గీయండి."

గీసింది. తిప్పి గీసింది. ఒకదాని మీద ఒకటి పడాల్సిన గీతలు కత్తెర నోరులా విడిపోయాయి.

నిన్న పెట్టె బిగించింది ఈ వంకర మట్టంతోనే! అలాగే కోసుంటే మూడు మూలలు కలిసి, నాలుగోది నోరు తెరిచేది.

"అయితే సరిచేసింది నువ్వేనా? నీకెలా తెలుసు?"

"ముందు కోయండి. టైమ్ లేదు."

కోసింది. జిగురు రాసి క్లాంపులు బిగించింది. చెమట తుడుచుకునేలోగా గుమ్మంలో నాన్న.

ఆయన కాగితం తీశాడు. నాలుగు మూలలూ చూశాడు. నమ్మకం లేక మొదటిది మళ్లీ చూశాడు. ఎక్కడా దూరలేదు.

"ఊఁ," అని తాళంచెవి బల్ల మీద పెట్టాడు. అప్పుడు కనిపించాయి ఆయనకి, విడిపోయిన రెండు గీతలు. మూలమట్టం తీసి, నొక్కుకుపోయిన అంచు తడిమాడు.

"ఇది కిందపడింది. ఎవరు పడేశారు?"

మట్టం పడేసినవాడికి ఆ షాపులో పని ఉండదు. ఆయన పెట్టిన రూలు అది.

"నేనే, నాన్నా," అందామె చటుక్కున.

అతను ఆకురాయి కింద పెట్టి లేచాడు.

"కాదండీ, నేను. మంగళవారం వానలో తడిసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఈవిడ లోపలికొచ్చారు. నన్ను చూసి నవ్వారు. అంతవరకూ మట్టం నా చేతిలోనే ఉంది. చెబితే పంపించేస్తారని, ఈవిడ కనబడరని, నోరు మూసుకున్నాను. పొద్దున్నే వచ్చి నా మట్టంతో పెట్టె సరిచేశాను, దొంగలా. పనిలోంచి తీసేయండి, మాట్లాడను. కానీ చూడండి, ఈవిడ ఇప్పుడూ అలాగే నవ్వుతున్నారు. దయచేసి ఆ మట్టం నా చేతికి మాత్రం ఇవ్వకండి."